200 కిలోమీటర్ల సైకిల్ రైడ్‌కి ఇంటి తిండి ఏం పట్టుకెళ్లాలి? జెల్స్ నా కడుపుకి పడట్లేదు

చేవెళ్లరోడ్డు రాసింది:

అందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్లు, బరువు 74 కిలోలు. సైకిల్ తొక్కడం మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. వచ్చే నెల మొదటిసారి 200 కిలోమీటర్ల బ్రెవేకి, అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన లాంగ్ రైడ్‌కి, పేరు ఇచ్చాను. 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేయాలి. కాళ్ల గురించి భయం లేదు, తిండి గురించే టెన్షన్.

పోయిన ఆదివారం ఏం జరిగిందో చెప్తాను. తెల్లవారుజామున నాలుగున్నరకి మెహదీపట్నం నుంచి వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకి బయల్దేరాను. వెళ్లేటప్పుడు చాలా బాగుంది, ఘాట్ కూడా ఆగకుండా ఎక్కాను. ఆకలి లేదు కదా అని దారిలో ఒక్క అరటిపండు తప్ప ఏమీ తినలేదు. వికారాబాద్‌లో మాత్రం ఒకేసారి మూడు పూరీలు, ఒక ప్లేట్ మిర్చి బజ్జీ తిన్నాను. తిరిగి వస్తుంటే మన్నెగూడ దగ్గరకి రాగానే కడుపు బరువెక్కింది. ఆ తర్వాత కాసేపటికి ఒంట్లో ఎవరో స్విచ్ ఆపేసినట్టు అయింది. చేతులు వణుకు, చల్లటి చెమట, పెడల్ మీద కాలు పెట్టినా బలం లేదు. చేవెళ్ల రోడ్డు మీద ఆ పెద్ద మర్రిచెట్ల కింద ఇరవై నిమిషాలు కూర్చుండిపోయాను. అక్కడి నుంచి సైకిల్ నడిపించుకుంటూ వెళ్తే ఒక టీ కొట్టు కనిపించింది. అక్కడ ఆవిడ నా ముఖం చూసి అడక్కుండానే చక్కెర ఎక్కువ వేసి టీ ఇచ్చి, గ్లూకోజ్ బిస్కెట్ల ప్యాకెట్ చేతిలో పెట్టింది. పది పదిహేను నిమిషాల్లో మళ్లీ మనిషినయ్యాను. ఆవిడకి ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే.

ఎనర్జీ జెల్స్, అంటే చిన్న ప్యాకెట్లలో వచ్చే చిక్కటి తీపి పేస్ట్, వాడమని ఒకరు చెబితే రెండు సార్లు ప్రయత్నించాను. నోరంతా జిగురు, కడుపులో తిప్పుడు, పైగా ఒక్కోటి వంద రూపాయల పైమాటే. పదమూడు గంటలకి ఎన్ని కొనాలి? మన ఇంట్లో దొరికేవాటితో, లేదా రోడ్డు పక్కన కిరాణా కొట్టులో దొరికేవాటితో ఇంత దూరం తొక్కేవాళ్లు ఉంటే, ఏం తింటారో, ఎంత తింటారో, ఎప్పుడు తింటారో కొంచెం వివరంగా చెప్పండి. అన్నం తినొచ్చా? ఉప్పు సంగతి ఏంటి?

రాత్రిలైటు రాసింది:

అన్నా, నీకు జరిగింది మా అందరికీ ఒక్కసారైనా జరిగిందే. దాన్ని బాంక్ అవ్వడం అంటారు. ఒంట్లో నిల్వ ఉండే చక్కెర, అంటే కండరాల్లో, లివర్‌లో ఉండే గ్లైకోజెన్, మొత్తం కలిపినా సుమారు 400 నుంచి 500 గ్రాములు మాత్రమే. గట్టిగా తొక్కితే రెండు మూడు గంటల్లో అందులో చాలా భాగం ఖర్చయిపోతుంది. కొవ్వు ఎంత ఉన్నా అది నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి ఆ సమయానికి అందదు. నువ్వు అనంతగిరి ఎక్కేటప్పుడు బాగుందంటున్నావు కదా, అది ముందు రోజు రాత్రి తిన్న అన్నం. తిరుగు ప్రయాణానికి ఏమీ మిగల్లేదు. పూరీ, బజ్జీ తిన్నావు కానీ నూనె వల్ల అవి కడుపులోనే కూర్చున్నాయి, రక్తంలోకి రాలేదు. టీలో చక్కెర, బిస్కెట్ వెంటనే అందాయి కాబట్టి పదిహేను నిమిషాల్లో లేచావు. నీ ప్రశ్నకి సగం జవాబు ఆ టీ కొట్టులోనే దొరికింది.

నేను ఇప్పటికి 200 కిలోమీటర్ల బ్రెవేలు ఆరు, 300లు రెండు, 400 ఒకటి చేశాను. జెల్ ఒక్కటి కూడా వాడలేదు. నా లెక్క ఇది: గంటకి 40 నుంచి 60 గ్రాముల కార్బ్స్, అంటే పిండిపదార్థాలు, చక్కెరలు. ఒక మామూలు అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటాయి, ఒక జెల్‌లో కూడా దాదాపు అంతే. ఖర్జూరాలు చిన్నవైతే నాలుగు కలిపితే ఒక అరటిపండుకి సమానం. ఇడ్లీ ఒకదానిలో 8 నుంచి 10 గ్రాములు. గ్లూకోజ్ బిస్కెట్లలో బరువులో నాలుగింట మూడొంతులు కార్బ్సే, పది రూపాయల ప్యాకెట్ పెట్టుకుంటే చాలా దూరం వెళ్లొచ్చు. అందుకే ఏ పల్లెటూరి కొట్టులోనైనా నాకు ఇంధనం దొరుకుతుందనే ధైర్యం.

కానీ ఏం తింటున్నావన్నదాని కన్నా ఎప్పుడు తింటున్నావన్నదే నిన్ను కాపాడుతుంది. నేను ఫోన్‌లో ప్రతి 30 నిమిషాలకి అలారం పెట్టుకుంటాను. మొదటి అలారం బయల్దేరిన అరగంటకే మోగుతుంది, అప్పుడు అసలు ఆకలే ఉండదు, అయినా సగం అరటిపండో రెండు ఖర్జూరాలో తినేస్తాను. ఆకలి వేసే దాకా ఆగితే అప్పటికే ఆలస్యం. ఒకేసారి పొట్ట నింపితే రక్తం కాళ్లకి వెళ్లాలా కడుపుకి వెళ్లాలా అన్న గొడవ మొదలవుతుంది.

అరటిపండు విషయంలో ఒక మాట. కాస్త మచ్చలు పడ్డ, బాగా పండినవే తీసుకో. పచ్చిగా ఉన్నదాంట్లో పిండి ఇంకా చక్కెరగా మారదు, తొక్కుతుంటే గ్యాస్ పడుతుంది. జెర్సీ వెనక జేబులో రెండు కంటే ఎక్కువ పెడితే నలిగి పేస్ట్ అవుతాయి, మిగతావి దారిలో కొనుక్కో. ఖర్జూరాలు గింజలు తీసి పట్టుకెళ్లు, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని గింజ తీయడం ప్రమాదం.

బయల్దేరే రెండు గంటల ముందు నాలుగు ఇడ్లీలు, కొంచెం చక్కెర లేదా కారప్పొడితో తిను. కొబ్బరి చట్నీ, సాంబారు ఆ రోజుకి వద్దు. నాలుగింటికి స్టార్ట్ అయితే రెండింటికి లేచి తినడం కష్టమే, అలాంటప్పుడు ముందు రాత్రి అన్నం పప్పు కడుపునిండా తిని, పొద్దున రెండు అరటిపండ్లతో బయల్దేరి మొదటి గంట నుంచే తింటూ వెళ్లు.

భీమిలి_గాలి రాసింది:

రాత్రిలైటు గారు చెప్పిన దాంట్లో అన్నీ ఒప్పుకుంటాను. నేను వైజాగ్ నుంచి అరకు దాకా తొక్కుతుంటాను, శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది, అక్కడి నుంచి పైకి నమలడం అసలు కుదరదు. ఊపిరి తీసుకోవడానికే నోరు చాలదు, బిస్కెట్ పెట్టుకుంటే పొడి గొంతులో అడ్డం పడుతుంది. చాలామంది వేరుశనగ చిక్కీ పట్టుకొస్తారు. నాకూ ఇష్టమే, కానీ ఘాట్ కింద తింటే నాకు పైదాకా తేన్పులే. వేరుశనగలో దాదాపు సగం నూనే కదా, అరగడానికి టైం పడుతుంది. చిక్కీని చదును రోడ్డు మీద, మెల్లగా వెళ్లేటప్పుడు, లేదా టీకి ఆగినప్పుడు తినండి. దాని బదులు బొరుగు ఉండలు ప్రయత్నించండి, మరమరాలు బెల్లం పాకంతో చేసేవి. నూనె లేదు, నోట్లో వేసుకుంటే కరిగిపోతాయి, తేలిక. ఎండాకాలం పాకం మెత్తబడి చేతికి అంటుకుంటుంది, బటర్ పేపర్‌లో ఒక్కోటి విడిగా చుట్టండి.

ఘాట్ కోసం నేను తినను, తాగుతాను. పానకం. శ్రీరామనవమికి చేసే అదే పానకం, కొంచెం మార్చి. లీటరు నీళ్లకి 60 గ్రాముల బెల్లం, అర టీస్పూన్ కన్నా కొంచెం తక్కువ ఉప్పు, ఒక నిమ్మకాయ రసం, చిటికెడు శొంఠి. మిరియాలు మామూలుగా వేసేంత వేయకండి, ఆయాసంలో గొంతు మండుతుంది. బెల్లం ఇసుక, పీచు బాటిల్ మూతలో అడ్డం పడతాయి, అందుకని తప్పకుండా పలుచటి బట్టతో వడకట్టాలి. చెరకు చక్కెర ఏదైనా ఒంట్లో సగం గ్లూకోజ్‌గా, సగం ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది, రెండూ వేర్వేరు దారుల్లో పేగులోంచి లోపలికి వెళ్తాయి, అందుకే ఒక్క గ్లూకోజే తాగినప్పటి కంటే కడుపులో తక్కువ పేరుకుంటుంది. ఖరీదైన పొడుల్లో కూడా ఇదే సూత్రం వాడతారు. ఒక్క జాగ్రత్త, ఇంటికి రాగానే బాటిల్ వేడినీళ్లతో బ్రష్ పెట్టి కడగాలి. నేను ఒకసారి మర్నాటికి వదిలేశాను, పులిసిన వాసన పోవడానికి వారం పట్టింది, చివరికి ఆ బాటిల్ పారేశాను.

రెండు బాటిళ్లు పెట్టుకోండి. ఒకదాంట్లో పానకం, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. ఎప్పుడూ తీపే తాగుతుంటే కొన్ని గంటలకి నోరు తిరస్కరిస్తుంది.

మజ్జిగచెంబు రాసింది:

ఉప్పు గురించి ఎవరూ వివరంగా రాయలేదు కాబట్టి నేను రాస్తాను, ఎందుకంటే దాని వల్లే నేను ఒక 300లో 220 దగ్గర వదిలేశాను. మే నెల, నల్గొండ వైపు, రోజంతా నీళ్లు మాత్రం బాగా తాగాను. లీటర్లకి లీటర్లు. సాయంత్రానికి తలనొప్పి, వాంతి, పిక్కలు పట్టేయడం. నీళ్లు తాగుతున్నాను కదా ఇంకేం తక్కువైందని నాకు అర్థం కాలేదు. చెమటలో మనిషిని బట్టి లీటరుకి అర గ్రాము నుంచి గ్రాముకు పైగా సోడియం పోతుంది. దాన్ని తిరిగి ఇవ్వకుండా ఉత్త నీళ్లే పోస్తూ ఉంటే రక్తంలో సోడియం ఇంకా పలచబడుతుంది, అది నిజంగా ప్రమాదం. జెర్సీ మీద తెల్లటి ఉప్పు చారలు పడే వాళ్లయితే మరీ జాగ్రత్త.

ఇప్పుడు నేను చేసేది: ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ, దారిలో ఎక్కడ దొరికితే అక్కడ. ఇంటి నుంచి పట్టుకెళ్తే మొదటి రెండు గంటల్లోనే తాగేయాలి. కొబ్బరిబొండం మంచిదే కానీ దాంట్లో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, కాబట్టి బొండంతో పాటు రెండు ఉప్పు బిస్కెట్లో కాసిని ఉప్పు శనగలో తినండి. ఇంకా జేబులో రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, మందుల షాపులో దొరికే పొడి. లీటరు నీళ్లకి ఒక ప్యాకెట్ మొత్తం కలపాలి, సగం సగం కాదు.

కొనేటప్పుడు చూసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్‌లో లీటరుకి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటాయి, ప్యాకెట్ మీద ఆ అంకెలు రాసి ఉంటాయి. అట్టపెట్టెల్లో వచ్చే తియ్యటి డ్రింకులు చాలావాటి మీద కూడా ఓఆర్‌ఎస్ అని పెద్దక్షరాలతో రాసేవాళ్లు. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దాని మీద ఏళ్ల తరబడి పోరాడారు, 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ పేరు అలా వాడకూడదని ఆదేశించింది. ఆవిడ పోరాటం పిల్లల ప్రాణాల కోసం, కానీ మనకీ పనికొచ్చింది. ఇంకో విషయం, అసలైన ఓఆర్‌ఎస్ మనకి ఉప్పు ఇస్తుంది కానీ బలం ఇవ్వదు. లీటరుకి 13.5 గ్రాములంటే సగం అరటిపండు. ఓఆర్‌ఎస్ తాగుతున్నాను కదా అని తిండి మానేస్తే మళ్లీ మర్రిచెట్టు కిందే కూర్చోవాలి.

బీపీ, షుగర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ఈ ఉప్పు, బెల్లం లెక్కలు మీ డాక్టర్‌ని అడక్కుండా పాటించొద్దు. దయచేసి.

చేవెళ్లరోడ్డు రాసింది:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ పేరుపేరునా థాంక్స్. పానకం నాకు అసలు తట్టలేదు! మా అమ్మకి చెబితే చాలా సంతోషపడింది, తనే బెల్లం వడకట్టి ఇస్తానంది. అన్నం గురించి ఎవరైనా చెప్తారా? తీపి తిని తిని మధ్యాహ్నానికి కారంగా, పుల్లగా ఏదైనా కావాలనిపిస్తుంది నాకు.

పులిహోర_పొట్లం రాసింది:

నేను డాలస్‌లో ఉంటాను, ఊరు మాత్రం రాజమండ్రి. అన్నం నిస్సందేహంగా తినొచ్చు తమ్ముడూ. యూరప్‌లో పెద్ద రేసులు తొక్కే టీమ్‌లు కూడా అన్నాన్ని ముద్దగా నొక్కి, ముక్కలు కోసి, రేకులో చుట్టి రైడర్ల జేబుల్లో పెడతాయి. ఇక్కడ మా క్లబ్‌లో ఒకాయన అలాంటివి తెస్తే చూసి, ఇది మన పులిహోర పొట్లమే కదా అనుకున్నాను. అప్పటి నుంచి నాలుగేళ్లుగా ప్రతి లాంగ్ రైడ్‌కీ అదే.

చేసే విధానం కొంచెం మారాలి. పులిహోరకి మామూలుగా అన్నం పలుకుగా వండుతాం, ఇక్కడ మాత్రం నీళ్లు ఎక్కువ పోసి మెత్తగా వండాలి, లేకపోతే ముక్క నిలవదు. కొంచెం వేడి ఉండగానే చింతపండు పులుసు, పసుపు, ఉప్పు కాస్త ఎక్కువ, చెంచాడు నూనె, చిటికెడు ఇంగువ కలిపేయాలి. ఎండుమిర్చి, శనగపప్పు, పల్లీలు వేయొద్దు. పప్పు పంటి కింద గట్టిగా తగులుతుంది, ఎండుమిర్చి ముక్క ఎదురుగాలిలో గొంతులోకి పోతే ఏమవుతుందో ఒకసారి అనుభవించాను, రోడ్డు పక్కకి ఆగి దగ్గి దగ్గి కళ్లలో నీళ్లు. కలిపాక ఒక పళ్లెంలో రెండు వేళ్ల మందాన పరిచి, పైన ఇంకో పళ్లెం బోర్లించి బరువు పెట్టండి. పూర్తిగా చల్లారాక బర్ఫీ ముక్కల్లా కోసి విడివిడిగా చుట్టండి. వండిన అన్నం 100 గ్రాముల్లో 28 గ్రాముల దాకా కార్బ్స్ ఉంటాయి, కాబట్టి అరచేతిలో పట్టే ముక్క దాదాపు ఒక అరటిపండుతో సమానం. ఒక వైపు కొంచెం విప్పి, కొరుక్కుంటూ తొక్కొచ్చు.

చింతపండు పులుపు, నూనె ఉంటాయి కాబట్టే మన పెద్దవాళ్లు రైలు ప్రయాణాలకి పులిహోర కట్టుకెళ్లేవాళ్లు, తెల్ల అన్నం కన్నా ఎక్కువసేపు ఆగుతుంది. అలాగని ఎండలో రోజంతా ఉంచకండి. వండిన అన్నం వేడిలో పాడైతే వాసన రాకపోయినా కడుపు చెడగొడుతుంది. నేను తెల్లవారుజామున చేసి పది పదకొండు గంటల లోపు ముగించేస్తాను, ఆ తర్వాత కొన్నది తింటాను. దద్దోజనం చాలామంది అడుగుతారు. ఎండాకాలం సైకిల్ మీద వద్దనే చెప్తాను. తినాలనిపిస్తే మొదటి రెండు మూడు గంటల్లో తినేలా, మెత్తటి అన్నంలో పాలు పోసి ఒక చెంచా పెరుగు మాత్రమే కలిపి పెట్టుకోండి, పుల్లబడదు.

తీపి కావాలంటే చక్కెర పొంగలిని కూడా ఇలాగే ముక్కలు కోయొచ్చు, నెయ్యి మాత్రం సగానికి తగ్గించండి. సున్నుండలు, పూతరేకులు ఇంట్లో ఉన్నాయి కదా అని పట్టుకెళ్లకండి. సున్నుండలో నెయ్యి ఎక్కువ, పైగా పొడిపొడిగా అయి నోరంతా అంటుకుంటుంది. పూతరేకు జేబులో అరగంట కూడా నిలవదు.

ఉడికించిన చిలగడదుంప, బంగాళాదుంప కూడా బాగా పనిచేస్తాయి, ఉప్పు, మిరియాల పొడి చల్లి. 2019లో ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్లు 12 మంది సైక్లిస్టుల మీద పరీక్షించి, బంగాళాదుంప ముద్ద తిన్నవాళ్లు జెల్ తిన్నవాళ్లతో సమానంగా తొక్కారని రాశారు. కాకపోతే దుంప ఎక్కువ మోతాదులో తినాలి కాబట్టి కడుపు ఉబ్బరం వాళ్లలో కొంచెం ఎక్కువగా కనిపించింది. అందుకే నేను మధ్యాహ్నం ఒకసారి మాత్రమే తింటాను.

చేవెళ్లరోడ్డు రాసింది:

నిన్న ప్రయత్నించి చూశాను, అందుకే రాస్తున్నాను. మళ్లీ అనంతగిరే, అదే రోడ్డు. ప్రతి అరగంటకి అలారం. వెళ్లేటప్పుడు రెండు అరటిపండ్లు, ఎనిమిది ఖర్జూరాలు, రెండు పులిహోర ముక్కలు. ఘాట్‌లో పానకం. పైన టీ, బిస్కెట్లు, బజ్జీల వైపు కూడా చూడలేదు. వచ్చేటప్పుడు ఇంకో రెండు అరటిపండ్లు, నాలుగు బొరుగు ఉండలు, ఒక లీటరు ఓఆర్‌ఎస్. మన్నెగూడ దాటింది, చేవెళ్ల దాటింది, ఏమీ కాలేదు. చివరి ఇరవై కిలోమీటర్లు ఎదురుగాలి ఉన్నా పోయినసారి కంటే 50 నిమిషాలు ముందు ఇంటికి చేరాను. ఆ టీ కొట్టు దగ్గర ఆగి ఆవిడకి రెండు పులిహోర ముక్కలు ఇచ్చాను, ఉప్పు కొంచెం తగ్గించమంది.

ఒక్క సమస్య మిగిలింది. ఎనిమిదో గంటకి నోటికి ఏదీ సహించలేదు. తినాలని తెలుసు, అలారం మోగుతోంది, కానీ మింగుడు పడట్లేదు. 200కి అది ఇంకా నాలుగైదు గంటలు సాగుతుంది కదా, అప్పుడేం చేస్తారు?

రాత్రిలైటు రాసింది:

చాలా సంతోషం అన్నా! ఆ సమస్య దాదాపు అందరికీ వస్తుంది. ఐదు నిమిషాలు దిగి, నీడలో కూర్చుని, తల మీద నీళ్లు పోసుకో. వేడెక్కిన ఒంటికి తిండి సహించదు, కాస్త చల్లబడితే మళ్లీ దిగుతుంది. అప్పటికీ కాకపోతే నమిలేవి పక్కన పెట్టి నిమ్మసోడా ఉప్పు, చక్కెర రెండూ వేయించుకుని తాగు, లేదా ఐస్ లేకుండా చెరకు రసం. నాకైతే 150 తర్వాత పనిచేసేది ఒకటే, ఉప్పు రాసిన పచ్చి మామిడికాయ ముక్క. దాంట్లో బలం ఏమీ లేదు, కానీ అది నోట్లో పడగానే లాలాజలం ఊరి, వెనకాలే రెండు బిస్కెట్లు లోపలికి వెళ్లిపోతాయి. సీజన్ కాకపోతే ఒక ఉసిరికాయ ఉప్పులో వేసి చిన్న డబ్బాలో పెట్టుకో, పై బ్యాగ్‌లో, చేతికి అందేలా.